మస్టాంగ్, కమారో, ఛాలెంజర్: మజిల్ కారు ఎవరికి ఏది నప్పుతుంది

మజిల్ కారు (పెద్ద ఇంజన్ పెట్టిన అమెరికన్ వేగపు కారు) అమ్మే షోరూమ్‌లో ముందు వినిపించేది సైలెన్సర్ చప్పుడు, ఆ తర్వాత హార్స్‌పవర్ అంకె. కొన్న నెలకి లెక్కకొచ్చేవి వేరు. పక్క లేన్‌లోకి మారేటప్పుడు వెనక ఏమీ కనబడకపోవడం, ఇన్సూరెన్స్ బిల్లు, చలి ఉదయం పట్టు దొరకని టైర్లు, వెనక సీట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న అమ్మానాన్నలు. అందుకే ఈ పోలికలో ప్రతి కారు రూపం ఎందుకలా ఉంది, ఆ రూపానికి రోజువారీగా ఏం చెల్లించుకోవాలి అన్నది ముందు చూసి, ఎంపిక సంగతి ఆ తర్వాత చూద్దాం.

అమెరికా మార్కెట్ ఇప్పుడు ఇలా ఉంది. షెవర్లే కమారో, డాడ్జ్ ఛాలెంజర్ రెండింటి ఉత్పత్తీ 2023 డిసెంబర్‌లో ఆగిపోయింది. ఈ ముగ్గురిలో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్‌తో కొత్తగా దొరికేది ఫోర్డ్ మస్టాంగ్ ఒక్కటే. డాడ్జ్ ఛార్జర్ అనే కొత్త కారు తెచ్చింది గానీ అది ఎలక్ట్రిక్‌గానో, ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో ఇంజన్‌తోనో వస్తుంది. కాబట్టి నిజమైన ఎంపికలు నాలుగు: కొత్త మస్టాంగ్ జీటీ (వీ8 రకం), సెకండ్ హ్యాండ్ కమారో ఎస్ఎస్ (వీ8 రకం, 2016 నుంచి 2024 మోడళ్లు), సెకండ్ హ్యాండ్ ఛాలెంజర్ (2023 మోడల్ వరకు), కొత్త ఛార్జర్.

పాత ముఖం వెనక ఉన్న లెక్క

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో మస్టాంగ్ వచ్చినప్పుడు దాని మూల ధర 2,368 డాలర్లు. అడుగున ఉన్నది మామూలు ఫాల్కన్ కారు భాగాలే. పొడవాటి బానెట్, పొట్టి డిక్కీ, దాని మీద చాంతాడంత ఆప్షన్ల జాబితా. తక్కువ ధర చూపించి లోపలికి పిలిచి, ఇంజన్, చక్రాలు, గేర్‌బాక్స్ ఒక్కొక్కటే జోడిస్తూ బిల్లు పెంచే ఆ పద్ధతి అరవై ఏళ్లుగా మారలేదు. ఈనాటి కంపెనీ వెబ్‌సైట్లలో కారును మనమే కూర్చుకునే పేజీలు దానికి కొత్త రూపాలు, అంతే.

2005 మస్టాంగ్ అరవైల నాటి గీతలను తిరిగి తెచ్చింది. 2008 ఛాలెంజర్ 1970 నాటి తన పూర్వీకుణ్ణి దాదాపు అచ్చు గుద్దినట్టు దించింది. 2010 మోడల్‌గా తిరిగొచ్చిన కమారో 1969 కారును తలపించింది. పాత రంగుల పేర్లు కూడా వెనక్కి వచ్చాయి: ఫోర్డ్‌కు గ్రాబర్ బ్లూ, డాడ్జ్‌కు ప్లమ్ క్రేజీ ఊదా. చిన్నప్పుడు గోడమీద బొమ్మ అంటించుకున్నవాళ్లకి యాభై ఏళ్లు వచ్చేసరికి చేతిలో డబ్బుంటుంది. ఈ గీతలు ముందుగా వాళ్లకోసం గీసినవి.

పాత పేర్లతో పాటు పాత అంకెలూ ప్రచారంలోకి వస్తాయి. అక్కడ ఒక చిక్కుంది. 1971 దాకా అమెరికా కంపెనీలు చెప్పింది గ్రాస్ హార్స్‌పవర్. సైలెన్సర్, ఎయిర్ క్లీనర్, ఆల్టర్నేటర్ వంటి బరువులేవీ లేకుండా ఇంజన్‌ను విడిగా బెంచీ మీద నడిపి కొలిచినది. 1972 నుంచి కారులో ఉన్నట్టే అన్నీ బిగించి కొలిచే నెట్ లెక్క వాడుకలోకి వచ్చింది. అందుకే ఆనాటి డాడ్జ్ వీ8 ఇంజన్ 426 హెమీకి ప్రకటించిన 425నీ నేటి మస్టాంగ్ జీటీ 480నీ పక్కపక్కన పెట్టి "కొంచెమే పెరిగింది" అనుకోకూడదు. ఆ రెండు అంకెల కొలబద్దలే వేరు.

కమారో: నడపడానికి మేటి, చూడటానికి ఇరుకు

ఆరో తరం కమారోను జనరల్ మోటార్స్ ఆల్ఫా ప్లాట్‌ఫామ్ మీద కట్టింది. కాడిలాక్ ఏటీఎస్ సెడాన్ కోసం తయారైన తేలికైన, గట్టి చాసిస్ అది. ఎస్ఎస్ బరువు 3,685 పౌండ్లు, అంటే సుమారు 1,670 కిలోలు. 6.2 లీటర్ల ఎల్‌టీ1 ఇంజన్ 455 హార్స్‌పవర్, 455 పౌండ్-ఫుట్ టార్క్ (మెలితిప్పే శక్తి) ఇస్తుంది. మలుపుల్లో ఈ మూడింటిలో చక్రాల స్థితి చేతికి స్పష్టంగా తెలిసే కారు ఇదే. ఇందులో మాకు సందేహం లేదు.

మరి అమ్మకాల్లో ఎందుకు వెనకబడింది? డిజైనర్లు నడుము గీతను (కిటికీల కింది అంచును) బాగా పైకెత్తి, పైకప్పును కిందికి నొక్కారు. నిలబడి చూస్తే పంజా విసరబోయే పులిలా ఉంటుంది. లోపల కూర్చుంటే కిటికీ సన్నటి పట్టీలా మిగులుతుంది. వెనక స్తంభం మందంగా ఉండి భుజం వెనక మూలను కప్పేస్తుంది. డిక్కీ 9.1 ఘనపుటడుగులు, అంటే సుమారు 258 లీటర్లు. దాని నోరు ఇంకా చిన్నది. ఎయిర్‌పోర్టుకు వెళ్లి రెండు 23 కిలోల పెట్టెలతో దిగిన తల్లిదండ్రులను తీసుకురావాలంటే ఒక పెట్టె వెనక సీటు మీదికి ఎక్కాల్సిందే.

కొనేటప్పుడు ఏడాది చూసుకోవడం చాలా ముఖ్యం. 2016 నుంచి 2018 వరకు ఆటోమేటిక్ ఎస్ఎస్‌కు ఎనిమిది గేర్ల 8ఎల్90 గేర్‌బాక్స్ ఉండేది. తక్కువ యాక్సిలరేటర్‌తో స్థిరంగా పోతుంటే రోడ్డు అంచున గీతల మీద నడిచినట్టు కారు వణికేది. కారణం టార్క్ కన్వర్టర్ క్లచ్, దానిలోని ఆయిల్ తేమ పీల్చుకోవడం. పాత ఆయిల్ మొత్తం కడిగి, తర్వాత వచ్చిన మెరుగైన ఆయిల్ నింపితే చాలా కార్లకు తగ్గింది. కన్వర్టర్ అప్పటికే పాడైనవాటికి అదీ మార్చాల్సి వచ్చింది. 2019 నుంచి ఎస్ఎస్‌కు పది గేర్ల ఆటోమేటిక్ వచ్చింది. కాబట్టి ఆటోమేటిక్ కావాలంటే 2019 తర్వాతిది వెతకండి. మాన్యువల్ అయితే ఈ బెడద లేదు, ఇంధనం ఆదాకోసం కొన్ని సిలిండర్లను ఆపే ఏర్పాటు కూడా అందులో ఉండదు.

ఎల్‌టీ1 ఇంధనాన్ని నేరుగా సిలిండర్లోకే చిమ్ముతుంది. ఇంటేక్ వాల్వుల మీద పెట్రోలు పడి కడిగే వీలు లేదు కాబట్టి మైళ్లు పెరిగేకొద్దీ వాటి మీద మసి పేరుకుంటుంది. ఎక్కువ తిరిగిన కారు చల్లగా ఉన్నప్పుడు ఐడిల్లో ఎగుడుదిగుడుగా ఆడితే ఈ అనుమానం పెట్టుకోండి. ఎస్ఎస్‌కు స్టాక్‌గా వచ్చేవి రన్-ఫ్లాట్ (గాలి పోయినా కొంత దూరం నడిచే) టైర్లు, స్టెప్నీ ఉండదు. ముందు 245, వెనక 275 వెడల్పు కావడంతో ముందూ వెనకా మార్చుకుని ఆయుష్షు పెంచే దారి లేదు. వెనక జత త్వరగా అరుగుతుంది.

రేస్ ట్రాక్ మీద నడపాలన్న కోరిక నిజంగా ఉంటే 1ఎల్ఈ ప్యాకేజీ వెతకండి. మాగ్నెటిక్ డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు బలం పంచే భాగం), ముందు 285, వెనక 305 టైర్లు అందులో వస్తాయి. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుగా అది గట్టిగా ఉంటుంది, వానలో ఆ టైర్లతో జాగ్రత్తగా పోవాలి.

ఛాలెంజర్: అమ్మకపు కళకు పాఠ్యపుస్తకం

ఛాలెంజర్ వేదిక (ప్లాట్‌ఫామ్) క్రైస్లర్ 300, ఛార్జర్ సెడాన్లది. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 116 అంగుళాలు, మస్టాంగ్‌ది 107. ఆ తొమ్మిది అంగుళాల తేడా నేరుగా వెనక సీట్లో కనబడుతుంది. ఐదుగురు కూర్చోవచ్చు, డిక్కీ 16.2 ఘనపుటడుగులు, సుమారు 459 లీటర్లు. ముగ్గురిలో కుటుంబంతో కలిసి బతకగల కారు ఇదొక్కటే. ఆ సౌకర్యాన్ని బరువు రూపంలో చెల్లిస్తాం: 5.7 లీటర్ల ఆర్/టీ రకం సుమారు 1,900 కిలోలు. 392 (6.4 లీటర్ల) ఇంజన్ ఉన్న స్కాట్ ప్యాక్ రకం 485 హార్స్‌పవర్ అంటే వినడానికి కమారో కన్నా 30 ఎక్కువే, కానీ రెండు క్వింటాళ్లకు పైగా అదనపు బరువు మోస్తోంది. తిన్నటి రోడ్డు మీద టార్క్ ఆ బరువును మరిపిస్తుంది, మలుపులో మరిపించలేదు.

2008 కారును పదిహేనేళ్లు పెద్దగా మార్చకుండా అమ్మడం మామూలు విషయం కాదు. డాడ్జ్ ఏటా కొత్త అంకె, కొత్త పేరు, కొత్త స్టిక్కర్ ఇచ్చింది. 2015 హెల్‌క్యాట్ 707 హార్స్‌పవర్‌తో వచ్చింది, రెండు తాళం చెవులతో: నలుపు చెవితో నడిపితే ఇంజన్ 500 దగ్గర ఆగుతుంది, ఎరుపుతో పూర్తి బలం. 2018 డీమన్‌లో ముందు ప్యాసింజర్ సీటు, వెనక సీటు తీసేసి, కావాలంటే ఒక్కోటి ఒక్క డాలర్‌కు తిరిగిచ్చారు. ఆ డాలర్ వార్త అయింది, వార్త ఉచిత ప్రకటన అయింది. చివర్లో "లాస్ట్ కాల్" పేరుతో ఏడు ప్రత్యేక ఎడిషన్లు, ఆఖరున 1,025 హార్స్‌పవర్ డీమన్ 170. ఆ చివరి అంకె కూడా ఈ85 (ఎక్కువ భాగం ఇథనాల్ ఉన్న) ఇంధనంతో వచ్చేది, మామూలు పెట్రోలుతో కాదు. ప్రకటనలో పెద్ద అక్షరాలు చూసినప్పుడు "ఏ ఇంధనంతో, ఏ తాళంతో, ఏ ప్యాకేజీతో" అని మూడు ప్రశ్నలు వేసుకోండి.

సెకండ్ హ్యాండ్ ఛాలెంజర్ దగ్గర ముందు చెవి పని చేయాలి. ఇంజన్ పూర్తిగా చల్లారిన ఉదయం వెళ్లి మొదటి స్టార్ట్ మీరే వినండి. అమ్మేవాళ్లు ముందే వేడిచేసి ఉంచితే మరో రోజు వస్తామని చెప్పండి. టిక్ టిక్ శబ్దం చల్లగా ఉన్నప్పుడు వచ్చి ఐదు పది నిమిషాల్లో వేడెక్కాక పోతే, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు విరిగి ఉంటుంది. ఖర్చే గానీ ప్రాణాపాయం కాదు. వేడెక్కినా పోకుండా, పైగా మిస్‌ఫైర్ (సిలిండర్లో ఇంధనం సరిగా మండలేదనే) కోడ్ వస్తే భయపడాల్సిందే. ఈ కార్ల వీ8 అయిన హెమీలో లిఫ్టర్ (వాల్వును పైకెత్తే భాగం) కింద ఉండే చిన్న రోలర్ బేరింగ్ అరిగి బిగుసుకుంటే, అది దొర్లడం మాని కామ్‌షాఫ్ట్‌ను (వాల్వులను ఆడించే కడ్డీని) గీకుతుంది. అప్పుడు కామ్, లిఫ్టర్లు కలిపి మార్చాలి, సిలిండర్ హెడ్లు విప్పక తప్పదు. గంటల తరబడి ఐడిల్లో నిలబెట్టిన కార్లలో ఇది ఎక్కువ. సర్వీసు రసీదులు అడగండి: 5.7కు 5డబ్ల్యూ-20, 6.4కు 0డబ్ల్యూ-40, రెండింటికీ ఏడు క్వార్టులు. హెమీకి సిలిండర్‌కు రెండు చొప్పున 16 స్పార్క్ ప్లగ్గులు. ట్యూనప్ అయిందన్నవాళ్లను ఎన్ని ప్లగ్గులు మార్చారని అడిగితే నిజం బయటపడుతుంది.

రెండో సంగతి దొంగతనం. బలమైన డాడ్జ్‌లు అమెరికాలో దొంగల మొదటి గురి. 2021లో కంపెనీ 392, సూపర్‌చార్జ్ (గాలిని ఒత్తిడితో ఇంజన్లోకి నెట్టే) కార్లకు అదనపు భద్రతా సాఫ్ట్‌వేర్ ఇచ్చింది: సరైన నాలుగంకెల కోడ్ కొట్టకపోతే ఇంజన్ 675 ఆర్‌పీఎం దాటదు, 2.8 హార్స్‌పవర్ మాత్రమే ఇస్తుంది. 2015 తర్వాతి కార్లకు డీలర్ దగ్గర వేయించుకునే వీలు పెట్టారు. మీరు చూస్తున్న కారులో అది ఉందా అని వీఐఎన్ (కారు గుర్తింపు సంఖ్య) ఇచ్చి డీలర్‌ను అడగండి. స్టీరింగ్ లాక్ ఎలాగూ కొనండి.

మంచు కురిసే ఊళ్లో ఉండి ఛాలెంజరే కావాలంటే, నాలుగు చక్రాల డ్రైవ్ 305 హార్స్‌పవర్ వీ6తోనే దొరుకుతుంది. మనసుకు చిన్నగా అనిపించినా షికాగోలో జనవరి నెల గడపడానికి అదే సరైన కారు.

మస్టాంగ్: ప్యాకేజీ చదవడం వస్తేనే

2024 మోడల్ నుంచి వచ్చిన ఏడో తరం మస్టాంగ్ జీటీలో 5.0 లీటర్ల కొయోటే ఇంజన్ 480 హార్స్‌పవర్, 415 పౌండ్-ఫుట్ ఇస్తుంది. యాక్టివ్ ఎగ్జాస్ట్ తీసుకుంటే 486. డార్క్ హార్స్ అనే పై రకానిది 500. ఈ ఇంజన్ ఎక్కువ ఆర్‌పీఎంలో పాడుతుంది, గరిష్ఠ బలం ఏడు వేల పైన. కింద ఆర్‌పీఎంలో కమారో, స్కాట్ ప్యాక్ టార్క్ దీనికి లేదు. సిగ్నల్ దగ్గర తన్నుకుపోయే అనుభూతి కోరేవాళ్లకు టెస్ట్ డ్రైవ్‌లో మొదట కాస్త నిరాశ కలగవచ్చు. ఇంధనం పోర్టులోనూ, సిలిండర్లోనూ రెండు చోట్లా చిమ్ముతుంది కాబట్టి వాల్వుల మసి బెడద తక్కువ.

లోపల 12.4 అంగుళాల డ్రైవర్ తెర, 13.2 అంగుళాల మధ్య తెర. వాటి బొమ్మలు వీడియో గేముల్లో వాడే అన్‌రియల్ ఇంజన్‌తో గీసినవి. 1980ల మస్టాంగ్ మీటర్ల బొమ్మ కూడా ఎంచుకోవచ్చు. ఆటోమేటిక్‌లో తాళం బటన్ నొక్కి దూరం నుంచే ఇంజన్‌ను గర్జింపజేసే రిమోట్ రెవ్ ఉంది. ఇవన్నీ ఇరవైల్లో ఉన్నవాళ్లను షోరూమ్‌లోకి రప్పించడానికి. బాగానే ఉంటాయి, కానీ వీటికోసం డబ్బు పెట్టి పర్ఫార్మెన్స్ ప్యాక్ వదిలేయడం మాత్రం మేం చూసే పెద్ద పొరపాటు.

ఆ ప్యాక్‌లో ఏముందో విడివిడిగా చూడండి: 390 మిల్లీమీటర్ల ముందు బ్రెంబో బ్రేకులు, టోర్సెన్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం ఒట్టిగా తిరిగిపోకుండా చూసేది), వెడల్పైన వెనక చక్రాలు, అదనపు ఆయిల్ కూలర్, ముందు సస్పెన్షన్ టవర్ల మధ్య బిగింపు కడ్డీ. ఇవి తర్వాత బయట కొని బిగించుకుంటే ఖర్చు ఎన్నో రెట్లు, వారంటీతో తగువు వేరే. తెరలు, రంగు, సీటు తోలు కారు వేడిని తగ్గించవు. మూల జీటీని వేసవిలో టెక్సాస్ ట్రాక్ డేకి తీసుకెళ్తే కొన్ని రౌండ్లలో ఆయిల్ వేడెక్కి కంప్యూటర్ బలం తగ్గిస్తుంది. ట్రాక్ ఆలోచన లేకపోతే మూల కారు 18 అంగుళాల ఆల్-సీజన్ టైర్లే మెత్తగా, చవకగా నడుస్తాయి. అది తెలివైన ఎంపికే.

మాన్యువల్ కావాలంటే నాలుగు సిలిండర్ల ఎకోబూస్ట్ (315 హార్స్‌పవర్) వైపు చూడకండి, ఈ తరంలో దానికి ఆటోమేటిక్ ఒక్కటే. జీటీ మాన్యువల్ గేర్‌బాక్స్ గెట్రాగ్ ఎంటీ82, డార్క్ హార్స్‌ది ట్రెమెక్. ఎక్కువ ఆర్‌పీఎంలో ఒకటి నుంచి రెండుకు మార్చినప్పుడు ఎంటీ82 గట్టిపడటం, గరగరమనడం పాత తరం కార్లలో తరచూ వచ్చే ఫిర్యాదు. సెకండ్ హ్యాండ్ 2015–2023 కారు చూస్తుంటే ఇంజన్ వేడెక్కాక ఆ ఒక్క మార్పునే పదిసార్లు చేసి చూడండి.

కొత్త ఛార్జర్ గురించి కొంచెం

ఎలక్ట్రిక్ డేటోనా స్కాట్ ప్యాక్ 670 హార్స్‌పవర్. బరువు మాత్రం 5,800 పౌండ్ల పైనే, 2,600 కిలోలు. చప్పుడు లేకపోతే ఈ వర్గం కారు అమ్ముడుపోదని డాడ్జ్‌కు తెలుసు. అందుకే 126 డెసిబెల్స్ వరకు మోగే కృత్రిమ ఎగ్జాస్ట్‌ను పెట్టింది. పెట్రోలు సిక్స్‌ప్యాక్ 3.0 లీటర్ల ట్విన్ టర్బో, 420 లేదా 550 హార్స్‌పవర్, నాలుగు చక్రాల డ్రైవ్ మామూలుగానే వస్తుంది. వెనక తలుపు పైకి లేచే హ్యాచ్ కాబట్టి సామానుకు చోటు బోలెడు. మంచు ఊళ్లో కుటుంబానికి కాగితం మీద ఇదే నప్పుతుంది. అయితే కొత్త వేదిక మొదటి ఏళ్ల కార్లకు సాఫ్ట్‌వేర్ చిక్కులు ఉంటాయి. తొందర లేకపోతే లీజు తీసుకోండి, లేదా రెండేళ్లు ఆగండి.

ఇక ఎవరికి ఏది

పెళ్లికాక ముందు, ఒంటరిగా, మలుపుల రోడ్ల మీద వారాంతం గడపాలనుకునేవారికి 2019 తర్వాతి కమారో ఎస్ఎస్. పిల్లల సీటు ఉన్నా వీ8 వదులుకోలేని వారికి ఛాలెంజర్, అందులోనూ ఆర్/టీ చాలు. 5.7కు మధ్య రకం 89 ఆక్టేన్ సరిపోతుంది, 392కు 91 పోయాలి. వారంటీతో కొత్త కారు, ఐదారేళ్ల తర్వాత తిరిగి అమ్మేటప్పుడు సులువు కావాలంటే పర్ఫార్మెన్స్ ప్యాక్ ఉన్న జీటీ. అమెరికాకు కొత్తగా వచ్చి, లైసెన్స్ చేతికొచ్చి ఏడాది కాని విద్యార్థులు ముందు వీఐఎన్ పట్టుకుని మూడు కంపెనీల ఇన్సూరెన్స్ కోట్ తీసుకోండి. పాతికేళ్ల లోపు డ్రైవర్‌కు, రెండు డోర్ల వీ8కు ఆ నెలవారీ మొత్తం కారు వాయిదాను దాటిపోవచ్చు. కోట్ రాకముందు అడ్వాన్స్ కట్టొద్దు.

ఎప్పటికైనా హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగి వెళ్లేటప్పుడు కారు తీసుకెళ్దామనుకునేవారు ఆ ఆలోచన ఇక్కడే వదలండి. భారత్‌లోకి పాత కారు దిగుమతి చేసుకోవాలంటే స్టీరింగ్ కుడివైపు ఉండాలి, తయారై మూడేళ్లు దాటకూడదు. ఛాలెంజర్‌ను కంపెనీ ఎన్నడూ కుడి స్టీరింగ్‌తో చేయలేదు. మస్టాంగ్ 2015 నుంచి బ్రిటన్, ఆస్ట్రేలియాలకు కుడి స్టీరింగ్‌తో వెళ్తోంది. 2016లో భారత్‌లోనూ 5.0 వీ8తో అమ్మారు. కానీ అమెరికాలో మీరు కొనేది ఎడమ స్టీరింగ్ కారే.

కొత్తదైతే డీలర్‌తో నెల వాయిదా మాట్లాడకండి, అన్నీ కలిపిన చివరి మొత్తం కాగితం మీద రాయించండి. కిటికీకి అంటించిన ఫ్యాక్టరీ స్టిక్కర్ పక్కన డీలర్ సొంతంగా ఇంకో స్టిక్కర్ పెడతాడు: మార్కెట్ మార్కప్, టైర్లలో నైట్రోజన్, అద్దాల మీద వీఐఎన్ చెక్కడం, పెయింట్ పూత. మొదటి దాంట్లో ఉన్నవి కారుతో వచ్చేవి, రెండో దాంట్లోవి కొట్టేయమని అడగదగ్గవి.

పాతదైతే టార్చి పట్టుకుని వెనక చక్రాల గూళ్ల లోపలికి చూడండి. కరిగిన రబ్బరు ముద్దలు అతుక్కుని ఉంటే పొగ వచ్చేలా టైర్లు కాల్చారన్నమాట, క్లచ్‌నూ డిఫరెన్షియల్‌నూ అనుమానించాలి. వెనక టైర్లు కొత్తవి, ముందువి పాతవి అయినా అదే అర్థం. చవకపాటి ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం) పెట్టి కోడ్లతో పాటు రెడీనెస్ మానిటర్లు (కారు తనను తాను పరీక్షించుకుందో లేదో చెప్పేవి) చూడండి. అన్నీ "సిద్ధంగా లేదు" అని చూపిస్తే, మీరు రాకముందే ఎవరో కోడ్లు చెరిపారు లేదా ట్యూన్ (మార్చిన ఇంజన్ ప్రోగ్రామ్) తీసి ఫ్యాక్టరీ ఫైలు తిరిగి ఎక్కించారు. అలాంటప్పుడు వంద మైళ్లు నడిపాక మళ్లీ చూపించమనండి. ఒప్పుకోకపోతే తాళం తిరిగిచ్చి వచ్చేయండి.